పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నడిచే బొమ్మకు బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: నేను యానిమేషన్ డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. ఆరు నెలలుగా బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పాత్రలను కదిలించడం నేర్చుకుంటున్నాను. రిగ్ (కదిలించడానికి వీలుగా లోపల ఎముకలు అమర్చి ఉన్న బొమ్మ) ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని నడక చేశాను. పాఠంలో చూపిన చోటల్లా కీఫ్రేములు (ఈ ఫ్రేములో బొమ్మ భంగిమ ఇదీ అని చెప్పే గుర్తులు) పెట్టాను. అయినా బొమ్మ నేల మీద నడుస్తున్నట్లు కాక నీళ్లలో తేలుతున్నట్లు ఉంది, పాదాలు జారిపోతున్నాయి. మా సార్ చూసి ‘బరువు లేదు’ అన్నారు. మరిన్ని కీఫ్రేములు పెడుతుంటే ఇంకా పాడవుతోంది. దారి చూపించగలరు.
— ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: మీ సార్ చెప్పింది సరైన మాటే. అయితే సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూ వెతికినా బొమ్మ నడకకు బరువు తెచ్చే మీట కనిపించదు కాబట్టి, ఆ మాట విన్న విద్యార్థి ఏమి సరిచేయాలో తోచక మరిన్ని కీఫ్రేములు పెడతాడు. నేర్చుకునే రోజుల్లో నేనూ నెలల తరబడి అదే చేశాను. మీరు మొదటి ఫ్రేములో ఒక భంగిమ, పదమూడో ఫ్రేములో మరొక భంగిమ పెడితే, మధ్యలో ఉన్న పదకొండు ఫ్రేములనూ కంప్యూటరే నింపుతుంది. మీరు ఏమీ మార్చకపోతే బ్లెండర్ వాటిని బెజియర్ పద్ధతిలో నింపుతుంది. అంటే కదలిక మెల్లగా మొదలై, మధ్యలో వేగం అందుకుని, మళ్లీ మెల్లగా ఆగుతుంది. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో గ్రంథస్థం చేసిన పన్నెండు సూత్రాలలో ఇలా మెల్లగా మొదలై మెల్లగా ఆగడం కూడా ఒకటి. కానీ దానిని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో వారు చేతితో గీస్తూ బొమ్మ బొమ్మకూ నిర్ణయించుకున్నారు. సాఫ్ట్‌వేర్ మాత్రం దూదిపింజకైనా రుబ్బురోలు పొత్రానికైనా, నడుముకైనా మడమకైనా ఒకే తీరున వర్తింపజేస్తుంది. మీ బొమ్మ తేలుతున్నది అందుకే.

కాబట్టి నడకను నాలుగు రోజులు పక్కన పెట్టి ఒక బంతిని కింద పడనివ్వండి. చిన్నపిల్లల పాఠమని అనుకోవద్దు, మీ ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది. సుమారు 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి నేలను తాకడానికి అర సెకను పడుతుంది, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది 12 ఫ్రేములు. సగం కాలంలో సగం దూరం పడుతుందని మన మనసు చెబుతుంది. నిజానికి మొదటి 6 ఫ్రేములలో అది దిగేది 30 సెంటీమీటర్లే, మిగిలిన 90 సెంటీమీటర్లూ తరువాతి 6 ఫ్రేములలో దిగుతుంది. నేలను తాకే క్షణంలోనే దాని వేగం అన్నిటికంటే ఎక్కువ. కంప్యూటర్‌కు వదిలేస్తే సరిగ్గా అదే క్షణంలో బంతి నెమ్మదించి, సబ్బు బుడగలాగా నేల మీద వాలుతుంది. కదలికను గీతలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, బంతి ఎత్తును చూపే గీత నేలను తాకే చోట గుండ్రంగా ఉందో, కోసుగా ఉందో చూడండి. అక్కడ గీత వంపును మార్చే హ్యాండిల్ రెండు వైపులనూ విడదీసి మొన తేలేటట్లు చేయండి. పట్టిన ఫ్రేముల సంఖ్య మారదు, ఫ్రేముకు ఫ్రేముకు మధ్య దూరం మాత్రమే మారుతుంది, అయినా బంతి ఠపీమని తగిలినట్లు కనిపిస్తుంది. మొదటిదాన్ని టైమింగ్ అనీ రెండవదాన్ని స్పేసింగ్ అనీ అంటాం. బరువు ఎక్కువగా రెండవదానిలోనే ఉంటుంది.

ఇప్పుడు నడకకు రండి. పాత ఫైలును తెరవకండి, కొత్తగా మొదలుపెట్టండి. కీఫ్రేములను వరుసగా చూపే డోప్ షీట్‌లో వాటన్నిటినీ ఎంచుకుని, కీబోర్డు మీద టి నొక్కి, కాన్‌స్టెంట్ అనే పద్ధతి పెట్టండి. అప్పుడు కంప్యూటర్ మధ్య ఫ్రేములను నింపదు, మీరు పెట్టిన భంగిమ తరువాతి భంగిమ వరకూ అలాగే నిలిచి ఉంటుంది. మొదటి ఫ్రేములో ముందు కాలి మడమ నేలను తాకాలి. నాలుగో ఫ్రేములో ఆ కాలి మీద బరువంతా పడి మోకాలు వంగి శరీరం కిందికి దిగాలి. ఏడో ఫ్రేములో రెండవ కాలు దానిని దాటుతూ ఉండాలి. పదో ఫ్రేములో మునివేళ్లతో నేలను తన్ని శరీరం పైకి లేవాలి. పదమూడో ఫ్రేములో రెండవ కాలి మడమ నేలను తాకాలి. ఇవే భంగిమలను ఎడమకూ కుడికీ మార్చి పెడితే ఇరవై ఐదో ఫ్రేముకు ఒక చక్రం పూర్తవుతుంది. ఈ భంగిమలు ఒకదాని తరువాత ఒకటి ఠక్కు ఠక్కుమని మారుతున్నప్పుడే మనిషి నడుస్తున్నట్లు తెలియాలి. తెలియకపోతే మధ్య ఫ్రేములు ఎంత నునుపుగా ఉన్నా ప్రయోజనం లేదు.

కొత్తవారి పనిలో నాకు తరచుగా కనిపించే లోపం, బహుశా మీ దానిలోనూ ఉన్నది, నడుము దగ్గర ఉంటుంది. కాళ్లూ చేతులూ ఎంతో శ్రద్ధగా ఊపుతారు గానీ నడుమును దారం పట్టి లాగినట్లు తిన్నగా ముందుకు తీసుకుపోతారు. ఒంటికాలి మీద నిలబడి చూడండి, పడిపోకుండా ఉండటానికి మీ నడుము ఆ కాలి మీదికి ఒరుగుతుంది, గాలిలో ఉన్న కాలి వైపు తుంటి కొద్దిగా జారుతుంది. నడకలో ప్రతి అడుగుకూ జరిగేది ఇదే. దీనిని బాగా చూడాలంటే నిండు బిందె చంకన పెట్టుకుని వస్తున్న మనిషిని గమనించండి. బిందె ఎడమ వైపు ఉంటే మొండెం కుడికి వాలుతుంది, కుడి చేయి ఒంటికి దూరంగా జరిగి గాలిలో తూకం వెతుక్కుంటుంది, అడుగులు పొట్టివవుతాయి, ఒక కాలు ఎత్తే ముందు రెండు పాదాలూ నేల మీద ఎక్కువసేపు ఉంటాయి. ఇంట్లో వారిని అడిగి ఒకసారి ఖాళీ బిందెతో, ఒకసారి 15 లీటర్ల నీళ్లతో నడిపించి ఫోనులో తీసుకోండి. రెండు వీడియోలనూ ఫ్రేము ఫ్రేముగా చూస్తే బిందె కనపడకుండా చేత్తో కప్పినా ఏది నిండుదో చెప్పగలుగుతారు. ఆ తేడాను బొమ్మలోకి తెస్తే మీ సార్ అడిగిన బరువు వచ్చినట్లే. ఒక్క జాగ్రత్త: ఫోన్లు సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి కాబట్టి వీడియోలో 15 ఫ్రేములు పట్టిన అడుగుకు మీ ఫైలులో 12 ఫ్రేములే ఇవ్వాలి.

నడుము కుదిరాకనే చేతుల దగ్గరకు వెళ్లండి. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మలను చూసే అవకాశం దొరికితే వదులుకోకండి. భుజం దగ్గరా మోచేయి దగ్గరా విడి ముక్కలను దారంతో కట్టి ఉంచుతారు కాబట్టి, బొమ్మ మొండేన్ని కదిలించినప్పుడు వదులుగా ఉన్న చేయి ఒక క్షణం ఆలస్యంగా వెంట వస్తుంది. రిగ్‌లోని ఎముకలకు ఆ ఆలస్యం తనంత తాను రాదు. భుజం కంటే మోచేయిని, మోచేయి కంటే మణికట్టును ఒకటి రెండు ఫ్రేములు వెనక్కి జరిపి మనమే తేవాలి.

పాదాలు జారడానికి కారణం వేరు. బొమ్మ ఉన్నచోటనే నడిచే చక్రం చేస్తున్నప్పుడు, నేల మీద ఉన్న పాదం ట్రెడ్‌మిల్ మీద ఉన్నట్లు సమాన వేగంతో వెనక్కి పోవాలి. అడుగు పొడవు 72 సెంటీమీటర్లు, దానికి 12 ఫ్రేములు అయితే ఫ్రేముకు 6 సెంటీమీటర్లు కచ్చితంగా జరగాలి. మీ ఫైలులో ఇక్కడ కూడా బెజియరే ఉండి ఉంటుంది, కాబట్టి ఆ భాగం వరకూ లీనియర్‌గా, అంటే వేగం మారని పద్ధతికి, మార్చండి. తరువాత బొమ్మ మొత్తాన్ని ముందుకు నడిపించేటప్పుడు కూడా ఫ్రేముకు అదే 6 సెంటీమీటర్ల వేగం ఉంచాలి.

ఇంకొకటి, మీ కంప్యూటర్ ఎంతటిదో మీరు రాయలేదు. ప్లే చేసినప్పుడు వ్యూపోర్ట్ (బొమ్మ కనిపించే కిటికీ) పైమూలన కనిపించే ఫ్రేముల అంకె ఎర్రబడి 24 కంటే తక్కువ చూపుతుంటే, మీరు చూస్తున్నది మీ నడక అసలు వేగం కాదు. ప్రతి ఫ్రేమునూ చూపించాలనే ప్రయత్నంలో బ్లెండర్ నెమ్మదిగా ఆడిస్తుంది, మీరు దాన్ని చూసి తేలుతోందని టైమింగ్ మారుస్తారు, మారిస్తే ఉన్నది కాస్తా చెడుతుంది. ఏ మార్పు చేసేముందైనా వ్యూపోర్ట్ నుంచి చిన్న వీడియోగా రెండర్ చేసుకుని దానినే చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది, క్యారెక్టర్ యానిమేషన్ నేర్చుకుంటానంటోంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో నేర్చుకుంటే ఉద్యోగానికి పనికివస్తుందా? ఆమెకు బొమ్మలు గీయడం అంతగా రాదు.
— ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పనికివస్తుంది. బ్లెండర్ 2002 నుంచి అందరికీ ఉచితం. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా చిత్రం ‘ఫ్లో’ను అందులోనే తయారుచేశారు. అయితే చాలా పెద్ద స్టూడియోలలో క్యారెక్టర్ యానిమేషన్‌కు మాయా అనే మరో సాఫ్ట్‌వేర్‌నే వాడతారు. దానిని విద్యార్థులకు ఉచితంగా ఇస్తున్నారు కాబట్టి, మీ అమ్మాయి కాలేజీలో చేరాక అదీ నేర్చుకోవచ్చు. పై జవాబులో చెప్పిన భంగిమలు, గ్రాఫులు రెండిటిలోనూ ఒకటే. కాబట్టి మొదటి ఏడాది పరికరాన్ని మార్చకుండా ఒకదానిలోనే పని చేయమనండి. బ్లెండర్ స్టూడియో వారు రెయిన్, స్నో అనే పాత్రల రిగ్‌లను ఉచితంగా విడుదల చేశారు, సాధనకు అవి చాలు.

బొమ్మలు అందంగా గీయవలసిన అవసరం లేదు. భంగిమను అగ్గిపుల్లల మనిషిగా అర నిమిషంలో కాగితం మీద పెట్టగలిగితే సరిపోతుంది, అది రెండు మూడు నెలల అలవాటుతో వస్తుంది. ఆమెకు అంతకంటే ముఖ్యం మనుషులను చూడటం. మీరు మెట్లు ఎక్కుతుండగానో, బియ్యం బస్తా ఎత్తుతుండగానో ఫోనులో తీసుకుంటానని అంటే కాదనకండి, ఒకటికి రెండుసార్లు ఎక్కి చూపించండి.