లక్ష్యం లేకపోవడం జబ్బా డాక్టర్ గారూ?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. రాజోలు అవతల పల్లెటూరు మాది. రోజూ బస్సులో అమలాపురం వెళ్లి బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న బ్యాంకు పరీక్షలు రాయమంటారు. అమ్మేమో పెద్దమ్మ కొడుకులా సాఫ్ట్‌వేర్‌కి వెళ్లమంటుంది. కాలేజీకి ఎవరు వచ్చి మాట్లాడినా ‘మీ గోల్ ఏంటి?’ అనే అడుగుతారు. నాకేమీ లేదు. మూడు నెలలుగా ఏ పనీ మొదలుపెట్టాలనిపించడం లేదు. టైంటేబుల్ నాలుగుసార్లు రాసి చించేశాను. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తాను, పొద్దున ఐదున్నరకు లేవాలి. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి తల బరువు. మా తోటలో కొబ్బరి కాయలు దింపే రోజున (దింపు అంటాం) నాన్నకు కాయల లెక్క రాసిపెట్టడం తప్ప ఇంకేదీ బాగుండటం లేదు. నాకేమైనా జబ్బు ఉందా?

జవాబు (మానసిక వైద్య నిపుణుడు): లక్ష్యం లేకపోవడం జబ్బు కాదమ్మా. అలా అని మీరు రాసినదాన్ని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. పరీక్షా ఫలితాలు వచ్చాక మా ఓపీకి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు ‘వీడికి గోల్ లేదండీ’ అంటారు, రక్తంలో ఏదో తక్కువైనట్టు. కొందరికి నిజంగానే రక్తంలో తక్కువ ఉంటుంది. అందుకే ముందు అక్కణ్నుంచి మొదలుపెడదాం.

మెట్లెక్కితే ఆయాసం అన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మీ వయసు అమ్మాయికి హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. అది 8కో 9కో దిగితే పుస్తకం తెరవడమే పెద్ద పని అనిపిస్తుంది. ఈ వారంలోనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి, డాక్టరు అవసరమంటే బి12 కూడా. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ సంగతి మీరే చెప్పండి. మేం అడిగితే తప్ప చాలామంది చెప్పరు. ఐరన్ మాత్ర రాస్తే టీతో మాత్రం వేసుకోవద్దు, రెంటికీ మధ్య గంటైనా ఎడం ఉండాలి. టీతో కలిస్తే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

ఇక నిద్ర. ఒంటిగంటకు పడుకుని ఐదున్నరకు లేస్తే నాలుగున్నర గంటలు. మీ వయసుకు 7 నుంచి 9 గంటలు కావాలి. తక్కువలో తక్కువ చూసినా ఆరు రోజుల కాలేజీకి పదిహేను గంటల నిద్ర బాకీ పడుతున్నారు. బీకాం చదివేవారికి బాకీ సంగతి నేను చెప్పాలా! మీ టైంటేబుల్ చిరిగింది మీకు పట్టుదల లేక కాదు, దాన్ని నిద్రలేని మనిషి చేతిలో పెట్టడం వల్ల. రాత్రి పదింటికి ఫోన్‌ను వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టేయండి. తలగడ పక్కన ఉన్న ఫోన్‌ను చూడకుండా ఉండటం నా వల్లే కాదు, మీ వల్ల ఎలా అవుతుంది?

మూడు నెలలు అన్నారు కాబట్టి ఇంకో మాట అడగాలి. రెండు వారాలకు మించి దాదాపు రోజూ దిగులుగా ఉండటం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, వాటితో పాటు ఆకలి, నిద్ర, ఏకాగ్రత మారిపోవడం, ‘నేను ఎందుకూ పనికిరాను’ అనిపించడం ఉంటే మేం డిప్రెషన్ ఉందేమో అని చూస్తాం. మీకు దింపు రోజు ఇంకా బాగుంటోంది. అది మంచి గుర్తే కానీ, అంతమాత్రాన ఏమీ లేదని ఇక్కణ్నుంచి తేల్చలేను. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే రిపోర్టుల కోసం ఆగొద్దు. ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు అది. పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన దింపు సంగతికి వస్తాను. మా తాతగారి తోటలో ఆ పని నాది. పైనుంచి గెల దబ్బున పడేది, పక్కన వలుపు గునపం మీద పీచు చర్రున చిరిగేది. నేను నోట్‌బుక్‌లో నాలుగు నిలువు గీతలు గీసి, ఐదోది అడ్డంగా కొట్టేవాణ్ని. ఒక గీత తప్పితే ఇటు వ్యాపారీ ఒప్పుకోడు, అటు తాతా ఒప్పుకోడు. సాయంత్రానికి లెక్క కుదిరితే ఆ రోజు అన్నం రుచే వేరు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ ఏళ్ల తరబడి పనిచేసి చెప్పింది ఇదే. పని మీద మనసు నిలవాలంటే అది మనం మనస్ఫూర్తిగా ఒప్పుకున్నదై ఉండాలి, మనకు చేతనవుతోందని తెలుస్తుండాలి, మనవాళ్లతో ముడిపడి ఉండాలి. దింపు లెక్కలో మీకు ఈ మూడూ దొరికాయి. బ్యాంకు పరీక్షలో ప్రస్తుతానికి ఒక్కటీ లేదు. కోరిక నాన్నగారిది, మీకు అందులో ఏం చేతనవుతుందో ఇంకా తెలీదు, పైగా గదిలో ఒక్కరే కూర్చుని చదవాలి. కొబ్బరి వ్యాపారం చేయమని చెప్పడం లేదు సుమా. మీకు ఎలాంటి పని నచ్చుతుందో ఆ నోట్‌బుక్ చెబుతోంది అంటున్నాను.

డాక్టర్ కావాలన్నది మా నాన్నగారి లక్ష్యం. నేను మొదటి ఏడాది అనాటమీ తప్పాను. ఈ చదువు నాదే అని నాకు తెలిసింది చాలా ఆలస్యంగా, ఓపీలో చదువురాని ఒక పెద్దాయనకు మాత్రల కవర్ల మీద పొద్దుటికి సూర్యుణ్ని, రాత్రికి చంద్రుణ్ని గీసిచ్చిన రోజున. అప్పటిదాకా నన్నెవరు అడిగినా ‘కార్డియాలజిస్ట్ అవుతా’ అని గట్టిగా చెప్పేవాణ్ని. ఉత్త అబద్ధం.

చిన్నప్పుడు మనకు కాటన్ దొర పాఠం చెబుతారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. అది విని లక్ష్యమంటే ఆనకట్టంత ఉండాలనుకుంటాం. జూన్‌లో కాలవకు నీళ్లు వదిలాక మీ ఊళ్లో వరి రైతు దేన్ని చూసుకుంటాడు? తన చేనుకు నీరొచ్చే బోదె పూడిందా లేదా అని.

మీ బోదె పని ఇది. వచ్చే దింపులోపు, కిందటి ఏడాది దింపులన్నీ ఒకే పేజీ మీదికి ఎక్కించండి. ఎన్ని కాయలు, వెయ్యి కాయలకు ఎంత పలికింది, దింపు కూలి, వలుపు కూలి, చివరికి ఎంత మిగిలింది. క్లాసులో చదివిన జమాఖర్చులు ఇంట్లో ఎక్కడ పనికొస్తాయో చూడండి. ‘టైం దొరికినప్పుడు చేస్తా’ అనుకోవద్దు. ‘బస్సు దిగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చోగానే ఇరవై నిమిషాలు’ అని రాసుకోండి. ఫలానాది జరగ్గానే ఫలానా పని చేస్తాను అని ముందే ముడివేసుకున్నవాళ్లు, ఊరికే చేయాలనుకున్నవాళ్ల కంటే ఎక్కువగా పని పూర్తి చేస్తారని జర్మనీ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990లలో చూపించాడు. మూడ్ వచ్చాక మొదలుపెడదామని మాత్రం కూర్చోవద్దు. డిప్రెషన్ వైద్యంలో కూడా ముందు చిన్న పని చేయిస్తాం, మూడ్ తర్వాత మెల్లగా కదులుతుంది.

బ్యాంకు వద్దని నాన్నతో ఇప్పుడే గొడవ పెట్టుకోకండి. ఆ పరీక్షలకు ఎలాగూ డిగ్రీ పూర్తవ్వాలి, మీకింకా టైం ఉంది. పేజీ పూర్తయ్యాక ఆయన ముందు పెట్టి, నా సంగతి తేల్చుకోవడానికి ఆర్నెల్లు ఆగండి నాన్నా అని అడగండి. లెక్క కళ్లముందుంటే రైతు వింటాడు.

మూడు వారాలు సరిగ్గా నిద్రపోయి, డాక్టరు రాసిన మందులు వాడినా ఇలాగే ఉంటే సైకియాట్రిస్టును కలవండి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు ఆ పేజీ కూడా పట్టుకెళ్లండి, సగంలో ఆగిపోయి ఉన్నా సరే. ఎక్కడ ఆగిందో డాక్టరుకు తెలియాలి.