కోత ఆగితే కూలి, ఆగకపోతే కొసరు

దుంగలున్న చోటికే కోత యంత్రాన్ని తీసుకెళ్లి పలకలు కోసిపెట్టే పని మొదలుపెట్టానని, కోత రేటు కుదిరింది గానీ మధ్యలో వచ్చే చిల్లర పనులకు ఎంత అడగాలో, అసలు అడగవచ్చో లేదో తేలడం లేదని రాశారు. నేనూ ఈ పనిలోనే ఉన్నాను. మొదటి రెండేళ్లు ఆ పనులన్నీ మొహమాటానికి ఊరికే చేశాను. లెక్క చూసుకుంటే కోతలో మిగిలిందంతా కొసరులో పోయింది.

ఇప్పుడు ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఈ పని వల్ల బ్లేడు ఆగుతుందా? ఆగితే డబ్బు తీసుకుంటాను. ఆగకపోతే కొసరు కింద వదిలేస్తాను. బ్లేడు చెక్కలో నడుస్తున్నంతసేపే మనకు సంపాదన. పలకల మీద కొలతలు రాసివ్వడం, ఏ దుంగ దేనికి పనికొస్తుందో చెప్పడం, పొట్టును ఒక పక్కకు నెట్టడం వంటి వాటికి పైసా అడగను. అలాంటివాటికి కూడా ధర కడితే మనిషి మళ్లీ పిలవడు.

ఈ బుద్ధి నాకు ఒక పెరటి చెట్టు దగ్గర వచ్చింది. ఎప్పుడో తీగ కట్టడానికి కొట్టిన మేకులను కాండం లోపలికి మింగేసింది, పైన బెరడు కమ్మేసింది. ఒక్క దుంగలో మూడు బ్లేడ్లు పోయాయి. ముందుగా మాట అనుకోలేదు కాబట్టి అడగడానికి నోరు రాలేదు. ఆ రోజు కూలి బ్లేడ్లకే సరిపోయింది. ఇప్పుడు ఫోనులోనే చెబుతున్నాను: ఇనుము తగిలి బ్లేడు మొద్దుబారితే సాన ఖర్చు, పళ్లు విరిగినా బ్లేడు తెగినా కొత్త బ్లేడు ధర, రెంటిలోనూ మార్చడానికి పట్టిన సమయం మీవి. చెక్క కోసి కోసి అరిగిన బ్లేడు మాత్రం నాది. దాన్ని కూడా వాళ్ల ఖాతాలో వేయడం న్యాయం కాదు. మెటల్ డిటెక్టరుతో ఒకసారి చూస్తాను, అయితే చేతిలో పట్టుకునేవి కొన్ని అంగుళాల లోతు వరకే పసిగడతాయని ముందే చెబుతాను. లేకపోతే ‘మీరే చూశారుగా’ అనే పేచీ వస్తుంది. టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువగా ఉండే చెక్కలో ఇనుము ఉంటే దుంగ కొసన నీలి నలుపు మరక కనిపించవచ్చు. అది చూపించి, కోయమంటారా వద్దా అని అడగండి. తగిలిన మేకును పీకి దుంగల యజమాని చేతిలోనే పెట్టండి. మేకు చేతికొచ్చాక బేరమాడిన మనిషిని నేను చూడలేదు.

అందరూ తప్పు లెక్క కట్టేది పలుచటి పలకల దగ్గర. కోత కూలి ఘనపరిమాణం మీద తీసుకుంటున్నారనుకోండి. 12 అంగుళాల మందం ఉన్న దిమ్మెను, కోతకు 1/8 అంగుళం పొట్టు పోయే బ్లేడుతో అంగుళం పలకలుగా కోస్తే 10 కోతల్లో 10 పలకలు వస్తాయి. అదే దిమ్మెను అర అంగుళం పలకలుగా కోయమంటే 19 కోతల్లో 19 పలకలు. చేతికొచ్చిన చెక్క పది అంగుళాల నుంచి తొమ్మిదిన్నరకు తగ్గింది, రెండు అంగుళాలకు పైగా పొట్టయింది, మీ పని మాత్రం దాదాపు రెట్టింపు. కూలేమో తగ్గింది! అందుకే అంగుళం కన్నా పలుచనైతే గంట లెక్కకు మారతాను. వంకర దుంగలకు, పొట్టి దుంగలకు, ‘ఈ ఒక్క పలకను మళ్లీ చీల్చిపెట్టండి’ అనేవాటికి కూడా గంట లెక్కే.

మట్టిలో ఈడ్చుకొచ్చిన దుంగలు మరో తలనొప్పి. బెరడులో ఇరుక్కున్న ఇసుక బ్లేడు పదునును చూస్తుండగానే తినేస్తుంది. కడిగి ఉంచమంటాను. కడగకపోతే నేనే కడుగుతాను, గడియారం నడుస్తూనే ఉంటుంది. దుంగలు యంత్రానికి అందేలా పేర్చకపోయినా, పలకలు మోసే మనిషి లేకపోయినా అంతే.

పలకల మధ్య గాలి ఆడడానికి పెట్టే బద్దల విషయంలో నేను కొంచెం ఉదారంగా ఉంటాను. పక్క చెక్కల నుంచి నాలుగు బద్దలు చీల్చి ఇవ్వడం పెద్ద పని కాదు. కానీ పచ్చి బద్దలు పలకలపై మరకలు వేస్తాయి, ఆరబెట్టాకే వాడమని చెప్పి ఇస్తాను. దొంతర కూడా నన్నే పేర్చమంటే అది వేరే పని. అడుగున్నర, రెండడుగుల దూరంలో బద్ద మీద బద్ద నిలువునా ఒకే వరుసలో రావాలి. తొందరలో చేస్తే పలకలు వంకరపోతాయి, నింద మనమీద పడుతుంది. పలకల కొసలు పగలకుండా పూసే మైనం రంగుకు డబ్బా ఖర్చు మాత్రం తీసుకుని, బ్రష్షు వాళ్ల చేతికే ఇస్తాను.

ప్రయాణం, యంత్రాన్ని మట్టం చూసి నిలపడం కలిపి ఒక కనీస మొత్తం పెట్టుకోండి. రెండు దుంగలే ఉన్నా అది తగ్గకూడదు. నాకది సగం రోజు కూలి. ఆ మాట వినగానే కొందరు పక్కింటివాళ్ల దుంగలు కూడా పోగేసి పిలుస్తారు. నాకు కావలసిందీ అదే.