పులుల లెక్క, మనుషుల లెక్క: రెండూ ఒకే పరిశోధనలో ఇముడుతాయా?

మీ ప్రశ్న ఇది: "ఎమ్మెస్సీ జువాలజీ పూర్తయింది. వన్యప్రాణుల సంఖ్యను అంచనా వేసే పరిశోధన చేయాలని ఉంది. సామాజిక అసమానతల మీద కూడా అంతే ఆసక్తి. రెండింటికీ పొంతన లేదు, ఒకటి వదులుకో అంటున్నారు. నిజమేనా?"

వదులుకోనక్కర లేదు. నేను కొన్నేళ్లు నల్లమలలో కెమెరా ట్రాప్ (జంతువు ఎదుటికి రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరా) సర్వేల్లో పనిచేశాను. ఇప్పుడు కుటుంబాల ఆదాయ, వ్యయ సర్వేల గణాంకాలు చూస్తున్నాను. రెండు చోట్లా నాకు ఎదురైన ప్రశ్న ఒక్కటే. లెక్కలోకి రానివాళ్లు ఎందరు, వాళ్లే ఎందుకు రాలేదు?

ముందు పులుల సంగతి. 1972లో దేశమంతటా లెక్కపెడితే 1,827 పులులని తేలింది. అది అడుగుజాడల లెక్క. జాడ మీద గాజుపలక పెట్టి గీత గీసుకోవడం, ప్లాస్టర్‌తో అచ్చు తీయడం, ఆ తర్వాత ఏ జాడ ఏ పులిదో తేల్చడం. ఒక్క పులి కూడా తప్పిపోదన్న నమ్మకం మీద నిలిచిన పద్ధతి అది. 2005 నాటికి రాజస్థాన్‌లోని సరిస్కాలో పులి అన్నదే మిగల్లేదని బయటపడ్డాక ఆ నమ్మకం చెదిరిపోయింది. అంతకు పదేళ్ల ముందే కర్ణాటకలోని నాగరహొళెలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కెమెరాలు పెట్టి, చారలను బట్టి పులులను గుర్తుపట్టి, గణాంకాలతో అంచనా కట్టి చూపించారు. 2006 నుంచి దేశమంతా ఆ దారి పట్టింది.

ఇందులోని లెక్క పదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. మొదటి విడతలో 20 పులులు కెమెరాకు చిక్కాయనుకోండి. రెండో విడతలో 15 చిక్కాయి, వాటిలో 10 పాతవే. అంటే మొదటిసారి మనం చూసింది మూడింట రెండు వంతులే. కాబట్టి మొత్తం సుమారు 30 ఉండాలి. అయితే అడవిలో అన్ని పులులూ ఒకేలా చిక్కవు. మగపులి చాలా దూరం తిరుగుతుంది కనుక ఎక్కువ కెమెరాల్లో పడుతుంది. చిన్న పిల్లలున్న తల్లి తక్కువగా బయటికి వస్తుంది. కనిపించే అవకాశం అందరికీ సమానం కాదని ఒప్పుకుని, ఆ తేడాను లెక్కలోకి తేవడమే ఈ శాస్త్రంలో సగం కష్టం.

ఇప్పుడు మనుషుల దగ్గరికి రండి. 1949లో చంద్రశేఖరన్, డెమింగ్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు కలకత్తా దగ్గరి సింగూరులో జనన మరణాల నమోదును పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. రిజిస్ట్రారు దగ్గరున్న జాబితా ఒకటి, ఇంటింటికీ తిరిగి రాసుకున్న జాబితా ఇంకొకటి. రెండింటినీ పోల్చి, ఏ జాబితాకూ ఎక్కని పుట్టుకలు, చావులు ఎన్నో అంచనా వేశారు. సూత్రం చూస్తే పైన చెప్పిన పులుల లెక్కే. జనగణన అయ్యాక జరిపే తనిఖీ సర్వేల వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. 2011 జనగణనలో వెయ్యికి 23 మంది చొప్పున లెక్కకు అందలేదని అలాంటి సర్వేలోనే తేలింది. దేశ జనాభాకు కడితే అది కోట్లలో ఉంటుంది.

అసమానతల విషయంలో చిక్కు రెండు చివర్లా ఉంది. ఒక చివర వలస కూలీలు, ఇటుక బట్టీల్లో ఉండేవాళ్లు, పేవ్‌మెంట్ మీద పడుకునేవాళ్లు. సర్వే చేసే మనిషి వెళ్లేసరికి వాళ్లు ఊళ్లో ఉండరు. మరో చివర బాగా డబ్బున్నవాళ్లు. అక్కడ గేటు దాటి లోపలికి పోవడమే గగనం. పై చివర తెగిపోతే, అసమానతను ఒకే అంకెలో కొలిచే గిని సూచిక ఉండాల్సిన దానికంటే తక్కువ చూపిస్తుంది, దేశంలో అంతరం పెద్దగా లేదనిపిస్తుంది. అందుకే ఆర్థికవేత్తలు శాన్సెల్, పికెట్టీ భారతదేశం గురించి రాసినప్పుడు సర్వేలతో సరిపెట్టుకోకుండా ఆదాయపు పన్ను లెక్కలను కూడా ముందు పెట్టుకున్నారు. అడవిలో "కనపడలేదు కాబట్టి లేదు" అనకూడదని నేర్చుకున్నవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. మీ జువాలజీ ఇక్కడ అడ్డు కాదు, పెట్టుబడి.

ఇంకో కోణం ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ లెక్క ఎవరి కష్టం మీద నడుస్తోంది? 2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 పులులని చదువుతాం. నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ అడవుల్లో ఆ పని చెంచుల కాళ్ల మీదే నడుస్తుంది. కెమెరా ఎక్కడ కట్టాలో మాకు చెప్పేది వాళ్లే. ఒకరోజు తెల్లవారుజామున మా వెంట వచ్చిన చెంచు పెద్దాయన బాట మీద మోకాళ్లూని ఒక జాడ చూపించారు. చుట్టూ ఉన్న దుమ్ములో చెట్ల మీంచి రాలిన మంచు చుక్కల గుంతలున్నాయి. జాడలో మాత్రం ఒక్క గుంత కూడా లేదు. "మంచు ఆగినాకే పోయింది, దూరం పోయుండదు" అన్నారు. ఏ పరికరమూ ఇవ్వని సమాచారం అది. నివేదిక వచ్చాక చూస్తే కెమెరా మోడల్ పేరుంది, సాఫ్ట్‌వేర్ పేరుంది, ఆయన పేరు లేదు. ఆయన కూలి డబ్బు నెలల తరబడి చేతికి రాలేదు. ఈ రెండో సంగతి మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

కెమెరా పులిని మాత్రమే తీయదు. మెమొరీ కార్డు తెరిస్తే తేనెకు, జిగురుకు, గడ్డలకు వెళ్లే మనుషులు కనిపిస్తారు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవుల్లో వన్యప్రాణుల కోసం పెట్టిన కెమెరాలు, డ్రోన్లు అక్కడి ఆడవాళ్ల మీద నిఘాగా ఎలా మారాయో 2024లో త్రిశాంత్ సిమ్లాయ్, క్రిస్ శాండ్‌బ్రూక్ రాశారు. తప్పక చదవండి. మీ కార్డులో పడిన మనుషుల ఫొటోలు ఎవరు చూస్తారు, ఎప్పుడు తుడిచేస్తారు అన్నది సర్వే మొదలుకాకముందే కాగితం మీద పెట్టాలి. పెంటలో (చెంచుల గూడెంలో) వాళ్ల భాషలో చదివి వినిపించాలి కూడా.

పరిశోధనాంశం కావాలంటే కళ్లెదుటే ఉంది. 2006లోనే అటవీ హక్కుల చట్టమూ వచ్చింది, పులుల ఆవాసాలకు ప్రత్యేక రక్షణ కల్పిస్తూ వన్యప్రాణి సంరక్షణ చట్టానికి సవరణా వచ్చింది. పులుల అభయారణ్యం లోపలి నుంచి బయటికి వచ్చే కుటుంబానికి ఇప్పుడు 15 లక్షల రూపాయలు ఇస్తామంటున్నారు. అలా వచ్చినవాళ్ల జీవనం ఏమైంది, ఖాళీ అయిన చోట జింకలు, కణుజులు నిజంగా పెరిగాయా? రెండింటినీ ఒకే వ్యక్తి కొలిస్తే వచ్చే సమాధానం వేరుగా ఉంటుంది.

ఉద్యోగాల సంగతి అడగలేదు కానీ చెబుతాను. గణాంకాలు గట్టిగా వచ్చినవాళ్లకు రెండు వైపులా గిరాకీ ఉంది. కాబట్టి మొదటి ఏడాది సంభావ్యత సిద్ధాంతానికి, ఆర్ (గణాంకాల కోసం వాడే కంప్యూటర్ భాష) ప్రోగ్రామింగ్‌కు ఇవ్వండి. జీవశాస్త్రం నుంచి ఒకరు, ఆర్థిక లేదా సామాజిక శాస్త్రం నుంచి ఒకరు గైడుగా ఉండేలా చూసుకోండి. అడవిలోకి వెళ్లడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి, మనుషులతో మాట్లాడటానికి మీ విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ అనుమతి, రెండూ కావాలి. ఆలస్యం అవుతాయి, కనుక ఒకేసారి దరఖాస్తు చేయండి. బడ్జెట్ రాసేటప్పుడు జాడలు చూపేవాళ్ల కూలిని మొదటి వరుసలో పెట్టి, ఏ వారానికి ఆ వారం చెల్లించేలా ముందే ఒప్పించండి.