టెక్ సందేహాలు: పడవకు మోటారు కొంటున్నారా, ముందు టేపు తీసుకుని పడవ దగ్గరికి పోండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర. సాగర్ బ్యాక్‌వాటర్‌లో చేపల వేటకు 16 అడుగుల ఫైబర్ పడవ ఉంది. ఇప్పటిదాకా తెడ్లతోనే నడిపినం. ఇద్దరం పోతాం, వలలు, ఐస్ పెట్టె ఉంటాయి. షాపాయన 15 హెచ్‌పీ తీసుకోమంటున్నాడు. మా బామ్మర్ది 2.5 చాలంటాడు. ఊళ్లో ఇంకొకాయన కంపెనీ మోటారెందుకు, చివర నీళ్లు తోసే రెక్కలున్న పొడుగాటి కడ్డీతో వచ్చే పొడుగు తోక ఇంజిన్ పెట్టుకో అంటున్నాడు. ఏది కొనాలన్నా?

జవాబు: మన నల్లగొండలో మోటారు అంటే బోరు మోటారే. అందుకే ఎవరైనా మోటారు కొన్నారంటే మొదట నోటికొచ్చే మాట ‘ఎన్ని హెచ్‌పీ?’. బోరుకైతే ఆ ప్రశ్న సరైందే, నీళ్లు లోతుకు పోయిన కొద్దీ హెచ్‌పీ పెంచక తప్పదు. పడవకు ఆ లెక్క కుదరదు. పడవ నీళ్లను తోసుకుంటూ పోతుంటే ముందొక అల, వెనకొక అల లేస్తాయి కదా, వేగం పెరిగిన కొద్దీ ఆ రెండింటి మధ్య దూరం పెరిగి పెరిగి ఒక దగ్గర పడవ పొడవుతో సమానమవుతుంది, ఇక అక్కడినుంచి పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాలి, బరువు బండి గుట్టెక్కినట్టు. దీనికి పాత లెక్క ఒకటుంది. నీటిని తాకే పొడవు ఎన్ని అడుగులో దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే పడవ హాయిగా అందుకునే వేగం నాట్లలో, అంటే పడవల వేగం కొలిచే లెక్కలో, వస్తుంది. మీ 16 అడుగుల పడవలో నీటిని తాకేది 15 అడుగులు అనుకుంటే 5.2 నాట్లు, అంటే గంటకు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. ఐస్ పెట్టె, తడిసిన వలలు, ఇద్దరు మనుషులు ఉన్న పడవకు 15 హెచ్‌పీ పెట్టి పూర్తిగా తిప్పితే ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం కూరుకుపోతుంది, పెట్రోలు తాగుతుంది. ఖాళీ పడవైతే నీటి మీద జారుతూ దూసుకెళ్తుంది, నిజమే. కానీ మీరు ఖాళీ పడవతో వేటకు పోరు, ఇంకా దేవుడి దయ ఉంటే ఖాళీ పడవతో తిరిగి రారు.

మరి 2.5 చాలదా అంటే, పొద్దున నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు చాలు. బామ్మర్ది చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. 2.5 తరగతి మోటార్లు 13 నుంచి 18 కిలోల మధ్య ఉంటాయి, ఒక చేత్తో ఇంటికి మోసుకుపోవచ్చు, దొంగల టెన్షన్ ఉండదు. ఇబ్బంది మధ్యాహ్నం గాలి లేచాక మొదలవుతుంది. సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డునున్న వైజాగ్ కాలనీ వైపు వెళ్లి చూసినవాళ్లకు తెలుసు, అక్కడ కృష్ణ ఏరులా ఉండదు, సముద్రంలా ఉంటుంది, నడిమధ్యలో ఎదురుగాలి కొడితే చిన్న మోటారు గుర్రుమంటూనే ఉంటుంది, ఒడ్డు మాత్రం దగ్గరికి రాదు. పైగా ఈ తరగతిలో చాలావాటికి రివర్స్ గేరు ఉండదు, వెనక్కి రావాలంటే మోటారునే గిరుక్కున తిప్పాలి. వల దగ్గర అది చిరాకు.

మీ పడవకు నా ఓటు 5 హెచ్‌పీ, నాలుగు స్ట్రోకులది. బరువు 25 నుంచి 27 కిలోలు, ముందుకు, న్యూట్రల్, వెనక్కి గేర్లుంటాయి, పూర్తి వేగంలో గంటకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల పెట్రోలు, మీరు రోజూ నడిపే మామూలు వేగంలో అందులో సగం దరిదాపుల్లో. 15 హెచ్‌పీ నాలుగు స్ట్రోకులదైతే 50 కిలోల దాకా ఉంటుంది. అది వెనక వేలాడుతుంటే, దాని పక్కనే మీరు కూర్చుంటే, పడవ ముందు భాగంలో ఎవరున్నట్టు? రెండు స్ట్రోకులది తేలికే, మెకానిజం కూడా సులువే, కానీ లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు కలపాలి, చాలావాటిలో లెక్క అదే, యాభైకి ఒకటి. చీకట్లో టార్చి వెలుగులో ఆ కొలత తప్పితే పిస్టన్ పట్టేస్తుంది.

ఇప్పుడు టేపు సంగతి. మోటారు బిగించే వెనక పలక పైఅంచు నుంచి పడవ అడుగు దాకా నిలువుగా కొలవండి. 15 అంగుళాలు వస్తే పొట్టి షాఫ్టు, 20 వస్తే పొడుగు షాఫ్టు (షాఫ్టు అంటే ఇంజిన్ నుంచి కింది ప్రొపెల్లరు, అంటే నీళ్లు తోసే రెక్కల దాకా దిగే కాడ). ఇది తప్పుగా కొన్నవాళ్లను నేను చాలామందిని చూశాను. పొడుగు పలకకు పొట్టి షాఫ్టు పెడితే ప్రొపెల్లరు గాలి లాగుతుంది, మోటారు కేకలు వేస్తుంది, పడవ కదలదు, కూలింగు నీళ్లు అందక వేడెక్కుతుంది. పొట్టి పలకకు పొడుగుది పెడితే అయిదంగుళాలు అనవసరంగా కిందికి దిగి ప్రతి రాయినీ పలకరిస్తుంది. బిగించాక చూసుకోవలసింది ఒకటే, ప్రొపెల్లరు పైన అడ్డంగా ఒక రేకు లాంటిది ఉంటుంది, అది పడవ అడుగుకు సమానంగా గానీ ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి.

ఇంకో మాట. తెడ్ల కోసం చేసిన ఫైబర్ పడవల్లో వెనక గోడ పల్చగా ఉంటుంది. దానికి నేరుగా మోటారు బిగిస్తే కొన్నాళ్లకు పగులుతుంది. ఒకటిన్నర, రెండంగుళాల మందం వచ్చేలా మంచి ప్లైవుడ్ పెట్టి పైన ఫైబర్ వేయించండి. ఆ ఖర్చు కూడా మోటారు ఖర్చులోనే రాసుకోండి. పుట్టి ఉన్నవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు, వాళ్లకు ముందే చెప్తున్నా, వద్దు. గుండ్రటి పుట్టికి ఒక అంచున మోటారు పెడితే అది ముందుకు పోకుండా బొంగరంలా తిరుగుతుంది.

పొడుగు తోక ఇంజిన్ మాటకొస్తే, ఊళ్లో ఆయన్ని తేలిగ్గా తీసిపారేయకండి. కోస్తాలో సముద్రం మీదికి పోయే ఫైబర్ తెప్పల మీద డీజిల్ పొడుగు తోకలే ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నాయి. మన దగ్గర పెట్టేవి చిన్న పెట్రోలు ఇంజిన్లు, పొలంలో నీటి పంపుకు, పవర్ వీడర్‌కు వాడే జాతి. గాలితో చల్లబడతాయి, స్పేర్లు మండల కేంద్రంలో దొరుకుతాయి, వీడర్ బాగుచేసే మెకానిక్కే దీన్నీ బాగుచేస్తాడు. నాచు, గుర్రపుడెక్క, మునిగిన చెట్ల మోడులు ఎక్కువున్న చోట దానికి సాటి లేదు, అడ్డు తగిలితే తోక పైకెత్తి దాటించేస్తారు.  ఎండాకాలం మట్టం దిగిన కొద్దీ శీతాకాలంలో మీరు ధీమాగా దాటిన దారిలోనే మోడులు పొడుచుకొస్తాయి. జూరాల వెనకో, మూసీ ప్రాజెక్టులోనో లోతు తక్కువ చోట్ల తిరిగేవాళ్లు అడిగితే నేను పొడుగు తోకే చెప్తాను. మీరు తిరిగేది వెడల్పాటి లోతు నీళ్లు కాబట్టి, చప్పుడుకు చెవులు, తిప్పడానికి భుజాలు రెండూ అరిగిపోతాయి కాబట్టి మీకు చెప్పట్లేదు.

మోడుల మాటెత్తాను కాబట్టి నా భాగోతం ఒకటి చెప్పాలి. రెండేళ్ల కింద సోమశిల దగ్గర ఒక స్నేహితుడి పడవలో పోతుంటే టక్కుమని చప్పుడైంది, ఇంజిన్ ఇంకా హుషారుగా తిరుగుతోంది, పడవ మాత్రం ఆగిపోయింది. చిన్న మోటార్లలో ప్రొపెల్లరును షాఫ్టుకు కలిపేది వేలెడంత పిన్ను, రాయి తగిలితే గేర్లు విరక్కుండా ముందు తానే తెగిపోయేలా మెత్తటి లోహంతో చేస్తారు. అదే తెగింది. పడవలో స్పేరు పిన్ను లేదు. మావాడు చెక్క పెట్టెకున్న మేకు పీకి, వంచి, దూర్చాడు. అరగంట నడిచింది, ఇంకో మోడు తగిలింది. మేకు చెక్కుచెదరలేదు, గేరు పళ్లు ఎగిరిపోయాయి. అక్కడినుంచి ఒడ్డుకు తెడ్లే. మీరు కొన్న రోజే నాలుగు పిన్నులు, రెండు కాటర్ పిన్నులు, ఒక కటింగ్ ప్లేయరు డబ్బాలో వేసి పడవకే కట్టేయండి.

స్టార్టు చేయగానే కూర్చోవద్దు, ఒక్క క్షణం మోటారు వెనక్కి చూడండి. చెంబు మూతిలోంచి వంపినట్టు సన్నటి నీటి ధార బయటికి పడుతుండాలి. అది పడుతోందంటే లోపల పంపు నీళ్లు తోడి ఇంజిన్‌ను చల్లబరుస్తోందని. ధార ఆగితే వెంటనే ఆపేయాలి, చాలాసార్లు ఆ రంధ్రంలో నాచో ఇసుకో ఇరుక్కుంటుంది, సన్నటి తీగతో పొడిస్తే వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ అరిగిందని అర్థం. పట్టణంలో షాపు ముందు డ్రమ్ము లేకుండా పొడిగా స్టార్టు చేసి ‘చూడండి ఎంత బాగుందో’ అని చూపించేవాడి దగ్గర కొనకండి, ఆ రబ్బరు నీళ్లు లేకుండా కొన్ని సెకన్లలోనే పాడవుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే కాకినాడ, మచిలీపట్నం వైపు నుంచి వచ్చేవి చవగ్గా కనబడతాయి. అవి ఉప్పునీళ్లలో తిరిగినవి. కింద గేరు ఆయిలు స్క్రూ విప్పించి చూడండి, ఆయిలు తెల్లగా మజ్జిగలా ఉంటే సీలు పోయి నీళ్లు లోపలికి దిగుతున్నట్టే.

పెట్రోలు గురించి కూడా. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇథనాల్ నీళ్లను లాక్కుంటుంది, పడవ మీద తేమకు కొదవ లేదు, నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుక్కి విడిపోతుంది, ముందు ఇంజిన్‌లోకి పోయేది అదే. ఇలా పడవ వెనక బిగించే చిన్న మోటార్లలో చాలావాటి పుస్తకంలో 10 శాతం దాకానే అని రాసి ఉంటుంది, కొనేముందు ఆ పేజీ చూపించమని అడగండి. రెండు వారాలు వేటకు పోకపోతే పెట్రోలు కాక్ మూసేసి ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపండి, కార్బురేటర్ ఖాళీ అవుతుంది. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు ఉంచి ‘తాడు లాగీ లాగీ చెయ్యి పడిపోయింది సార్’ అని రాసే ఉత్తరాలు నాకు ప్రతి ఏటా వస్తాయి.

ఇక మోటారుకుండే ఎర్ర తాడు. దాన్ని మణికట్టుకో లైఫ్ జాకెట్‌కో తగిలించుకుంటే మీరు నీళ్లలో పడగానే ఇంజిన్ ఆగిపోతుంది. తగిలించుకోండి. మోటారును కూడా వేరే తాడుతో పడవకు కట్టండి, చేత్తో బిగించే మరలు అదురుకు వదులవుతాయి. ఇంజిన్ పెట్టాక ఆ పడవకు రిజిస్ట్రేషన్, లైసెన్సు ఏం కావాలో ఫిషరీస్ ఆఫీసులో, మీ సొసైటీలో ముందే కనుక్కోండి, కొన్నాక కాదు.

ప్రశ్న: కొల్లాపూర్ నుంచి రాస్తున్నా సార్. చప్పుడు లేని బ్యాటరీ మోటారు వేటకు పనికొస్తదా? చేపలకే కాదు, చలికాలం బాతులు బాగా దిగుతయి.

జవాబు: బాతుల సంగతి మొదట తేల్చేద్దాం. మన భాషలో చేపలకూ వేటే, జంతువులకూ వేటే, చట్టానికి మాత్రం రెండూ ఒకటి కావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతుల్ని కొట్టడం నేరం, దొరికితే జైలే కాక ఆ పనికి వాడిన పడవ, మోటారు కూడా సర్కారువి అయిపోతాయి. మీ వైపు నది ఒడ్డునే అమ్రాబాద్ పులుల అడవి ఉంది, ఫారెస్టు వాళ్లు తిరుగుతూనే ఉంటారు. బాతుల్ని ఫోన్ కెమెరాతో కొట్టండి, ఎన్నయినా.

చేపలకైతే, గాలం వేసుకుని మెల్లగా ఒడ్డు వెంబడి తిరగడానికి బ్యాటరీ మోటారు చాలా బాగుంటుంది. వీటిని హెచ్‌పీలో కాకుండా పౌండ్ల నెట్టుడులో అమ్ముతారు. 12 వోల్టుల మీద నడిచే 55 పౌండ్లది పూర్తి వేగంలో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది, అంటే 600 వాట్లు, ఒక హెచ్‌పీ 746 వాట్లు కాబట్టి ముప్పావు హెచ్‌పీ కాస్త దాటుతుంది. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే లాంటి 100 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీ పెడితే సగానికి మించి వాడకూడదు, గంట కూడా గట్టిగా రాదు, బరువు 30 కిలోలు. అదే సామర్థ్యం లిథియం ఫాస్ఫేటుదైతే 12 కిలోల దరిదాపు, పూర్తి వేగంలో రెండు గంటలు, సగం వేగంలో చాలా ఎక్కువ. వాడుకోగలిగిన చార్జింగ్‌లో సగం అయిందంటే పడవ ముక్కు ఊరివైపు తిప్పాల్సిందే, ఎదురుగాలి తిరుగు ప్రయాణంలోనే వస్తుంది. తెడ్లు ఇంట్లో వదిలి పోవద్దు.

ప్రశ్న: ఫోన్‌లో చేపలు కనబడే యంత్రం అని చూపిస్తున్నరు, నిజమేనా? సిగ్నల్ లేని చోట మ్యాపు పనిచేస్తదా?

జవాబు: నిజమే. బంతిలాంటి దాన్ని నీళ్ల మీదికి విసిరితే శబ్దం కిందికి పంపి, తిరిగొచ్చిన టైమును బట్టి లోతు లెక్కగడుతుంది. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. మధ్యలో గాలితిత్తి ఉన్న చేప అడ్డొస్తే అది గీతలా పడుతుంది. బొచ్చెనా, రవ్వనా చెప్పదు, నీళ్లలో మునిగి ఉన్న కట్టెను కూడా ఒక్కోసారి చేపంటుంది. నన్నడిగితే దాని అసలు ఉపయోగం మోడులు ఎక్కడున్నాయో ముందే తెలియడం.

మ్యాపుకు సిగ్నల్ అక్కర్లేదు, జీపీఎస్ ఉపగ్రహాల నుంచి నేరుగా వస్తుంది. ఇంట్లో వైఫై మీద ఆ ప్రాంతం మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుని, బయల్దేరిన ఒడ్డు దగ్గర గుర్తు పెట్టి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో వేయండి. లేదంటే దొరకని టవరు కోసం వెతికి వెతికి మధ్యాహ్నానికల్లా చార్జింగ్ అయిపోతుంది. అందులో ఒడ్డు గీత నీళ్లు నిండుగా ఉన్నప్పటిదై ఉండొచ్చు, ఎండాకాలం అది నీళ్లని చూపించే చోట మీ పడవ బురదలో కూర్చుంటుంది.