నార్మ్ స్మిత్ మెడల్ కోచ్‌కి ఇస్తారా, ప్లేయర్‌కా?

ప్లేయర్‌కే ఇస్తారు, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ గ్రాండ్ ఫైనల్లో ఆ రోజు అందరికంటే బాగా ఆడినవాడికి. పేరు వల్లే ఈ కన్‌ఫ్యూజన్ అంతా, ఎందుకంటే నార్మ్ స్మిత్ అనగానే జనాలకి ముందు గుర్తొచ్చేది కోచే, మెల్‌బోర్న్ క్లబ్‌కి 1955 నుంచి 1964 లోపు ఆరు టైటిళ్లు తెచ్చిపెట్టాడు మరి. కానీ అంతకుముందు అదే క్లబ్‌కి ఫార్వర్డ్‌గా ఆడి 1939, 40, 41, 48ల్లో టైటిల్ గెలిచిన టీముల్లో కూడా ఉన్నాడు, అంటే రెండూ కలిపి పది! 1973లో చనిపోయాడు, ఆయన గుర్తుగా 1979 నుంచి ఈ మెడల్ ఇస్తున్నారు, మొదటిది కార్ల్‌టన్ ప్లేయర్ వేన్ హార్మ్స్‌కి వచ్చింది.

గెలిచిన టీమ్ కోచ్‌కి ఇచ్చేది వేరే, అది జాక్ మెక్‌హేల్ మెడల్, 2001లో మొదలైంది. ఆయనా తక్కువోడేం కాదు, కాలింగ్‌వుడ్ క్లబ్‌కి 1912 నుంచి 1949 దాకా ఆయనే కోచ్.

ఇంకో అపోహ ఏంటంటే నార్మ్ స్మిత్ మెడల్ ఫైనల్ గెలిచిన టీమ్‌లోవాడికే వస్తుందని. అలాంటి రూలేం లేదు. 1989 ఫైనల్లో గ్యారీ ఆబ్లెట్ సీనియర్ ఒక్కడే 9 గోల్స్ కొట్టాడు, అయినా ఆయన టీమ్ జీలాంగ్ 6 పాయింట్ల తేడాతో హాథార్న్ చేతిలో ఓడిపోయింది పాపం, మెడల్ మాత్రం ఆబ్లెట్‌కే వచ్చింది. సీజన్ మొత్తానికి బెస్ట్ ప్లేయర్ అంటే అది బ్రౌన్‌లో మెడల్, దీంతో కలపొద్దు.