గన్నవరం నుంచి డాలస్ ఎంత దూరం?

సందేహం: మాది గుంటూరు. డాలస్ వచ్చి కొద్ది రోజులే అయింది. 'ఎన్ని కిలోమీటర్లు ఎగిరావురా' అని నాన్న అడుగుతున్నారు. ఒకచోట 14,500 అనీ, ఇంకోచోట 15,700 అనీ చూపిస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే తమ్ముడూ. మొదటిది రెండు విమానాశ్రయాల మధ్య ఉన్న దగ్గరి దూరం. రెండోది నువ్వు దిగుతూ ఎక్కుతూ వచ్చిన దూరం.

మొదటి లెక్క నాన్నగారు కాగితం మీద వేసుకోవచ్చు. గన్నవరం తూర్పు రేఖాంశం 80.8 డిగ్రీలు, డాలస్ పశ్చిమ రేఖాంశం 97. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి కలపాలి: 177.8. ఇంచుమించు 180! అంటే మనం భూగోళానికి అవతలి వైపు వచ్చి పడ్డామన్నమాట. ఇలా ఎదురెదురుగా ఉన్న ఊళ్లకు దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. గన్నవరం అక్షాంశం 16.5, అక్కడినుంచి ధ్రువానికి 73.5 డిగ్రీలు. డాలస్‌ది 32.9, ధ్రువం నుంచి కిందికి 57.1. మొత్తం 130.6. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే 14,500కి అటూ ఇటూ వస్తుంది.

గోడ మీది మ్యాపు చూస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా తిన్నగా పోవాలి కదా అనిపిస్తుంది. ఆ మ్యాపును నమ్మొద్దు. గ్లోబు మీద దారం కొసను గన్నవరం దగ్గర బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొసను డాలస్ దగ్గర బిగించి లాగు. దారం తనంతట తనే పైకి జారి ధ్రువం దగ్గర ఆగుతుంది.

వేరే ఊళ్ల జతలకు ఈ కూడిక సరిపోదు, త్రికోణమితి కావాలి. అంత తీరిక ఎవరికుంది? కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి రైట్ క్లిక్ చేస్తే 'మెజర్ డిస్టెన్స్' ఉంటుంది.

ఇక రెండో లెక్క. గన్నవరం నుంచి శంషాబాద్ 260 పైచిలుకు, అక్కడినుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డాలస్ 12,900. నిజంగా ఎగిరేది ఇంకాస్త ఎక్కువే. గాలిని బట్టి దారి మారుతుంది. పైగా 2022 నుంచి అమెరికా, యూరప్ సంస్థల విమానాలు రష్యా మీదుగా పోవడం లేదు.

అమ్మానాన్నలకు టికెట్ తీసేటప్పుడు మాత్రం ఈ కిలోమీటర్లు చూడకు. విమానం గంటకు 900 దాకా పోతుంది, అదనపు 1,200 అంటే గంటన్నర కూడా కాదు. మధ్యలో ఎనిమిది గంటలు కూర్చోబెడితేనే కాళ్లు వాచేది. గన్నవరం నుంచి డాలస్ దాకా ఒకే పీఎన్‌ఆర్ మీద తీయి. విడివిడిగా కొంటే శంషాబాద్‌లో పెట్టెలు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్లు పట్టించుకోరు. వీల్‌చైర్ కూడా అప్పుడే అడిగెయ్, నాన్నగారు 'నాకెందుకురా, నడుస్తాగా' అన్నా సరే.