చనిపోయిన సభ్యుడు ఓటర్ల జాబితాలో ఉంటే

ప్రశ్న: అమ్మా, నేను భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ణి. ఢిల్లీ ప్రధాన కార్యాలయంగా దేశమంతటా సభ్యులున్న ఒక అధ్యాపకుల సొసైటీలో, ఉద్యోగంలో చేరిన కొత్తలోనే జీవిత సభ్యత్వం తీసుకున్నాను. మూడు నెలలకోసారి వాళ్ల సమాచార పత్రిక వస్తుంది. ముందు పేజీల్లో పాలకమండలి నిర్ణయాలు, చివర సభ్యుల వార్తలు ఉంటాయి. ఈసారి కార్యవర్గం పదవీకాలాన్ని 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెంచే సవరణ ప్రతిపాదన, సర్వసభ్య సమావేశం నోటీసు వచ్చాయి. వాటితో పంపిన ఓటర్ల జాబితాలో రెండేళ్ల కిందట కాలం చేసిన నా సహోద్యోగి పేరుంది. ఆయన సంతాప వార్త అప్పట్లో ఇదే పత్రికలో అచ్చయింది. ఢిల్లీ వెళ్లే ఓపిక నాకు లేదు. ఇంట్లో వాళ్లు ‘మీకెందుకు, ఊరుకోండి’ అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఊరుకోవద్దు మాస్టారూ. పదవీకాలం సంగతి తర్వాత, ముందు మీ సహోద్యోగి పేరు సంగతి పట్టుకోండి. చివరి పేజీలో ఎవరికి నివాళి అర్పించారో ఆయన్నే ఓటర్ల జాబితాలో ఉంచారంటే, సభ్యుల వార్తలు రాసేవారికీ సభ్యుల రిజిస్టరు చూసేవారికీ మధ్య మాట కూడా లేదన్నమాట.

చనిపోయినవారు వచ్చి ఓటు వేయరు కదా, నష్టమేమిటని మీ ఇంట్లో అడగవచ్చు. నష్టం కోరం దగ్గర వస్తుంది. మొత్తం సభ్యుల్లో ఇన్నో వంతు హాజరైతేనే సమావేశం చెల్లుతుందని చాలా సంఘాల నియమావళిలో ఉంటుంది. దాని కిందే ఇంకో నియమం కనిపిస్తుంది: కోరం లేకపోతే అరగంట వాయిదా వేసి అదే చోట మళ్లీ సమావేశం కావచ్చు, అప్పుడు హాజరైనవారే కోరం. కాలం చేసినవారు, ఊళ్లు మారి ఆచూకీ లేనివారు జాబితాలో పెరిగేకొద్దీ మొదటి కోరం నిండడం అసాధ్యమవుతుంది. అరగంట గడిచాక హాలులో ఉన్న కొద్దిమందే దేశమంతటి సభ్యుల తరఫున నిర్ణయం చేసేస్తారు. మీ సహోద్యోగి పేరు ఆ కొద్దిమంది బలాన్ని పెంచుతోంది. బతికున్న మీ ఓటు బరువును తగ్గిస్తోంది.

నేను ఆడిటర్‌గా సంఘాల లెక్కలు చూసే రోజుల్లో, అరండల్‌పేటలోని ఒక సంఘం బీరువా పైన పోస్టులో తిరిగొచ్చిన కవర్లు పురికొసతో కట్టి ఉండేవి. ‘చిరునామాదారు మరణించారు’ అని పోస్ట్‌మాన్ చేతిరాత కొన్నింటి మీద స్పష్టంగా ఉంది. తపాలా ఖర్చు బిల్లులు ఒక్కటి తప్పలేదు. కానీ ఆ కవర్లు చూసి రిజిస్టరులో ఒక్క పేరు కొట్టేసినవారు లేరు. కార్యదర్శి మంచి మనిషి, డబ్బు విషయంలో వేలెత్తి చూపలేం. పేర్లు సరిచూసే పని ఎవరిదో నియమావళిలో రాసి లేదు, అందుకే ఎవరూ చేయలేదు. రూపాయలకు లెక్క అడిగినట్టే మనుషులకూ లెక్క అడగాలన్న పట్టుదల నాకు అక్కడ మొదలైంది.

ఈ చిక్కు జీవిత సభ్యత్వంతో వచ్చింది. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం చందా బకాయి 3 నెలలు మించితే ఆ చట్టం కింద జరిగే వ్యవహారాల్లో ఓటు లేదు, సభ్యుడిగా లెక్కించరు కూడా. ఏటా చందా కట్టే సంఘంలో చనిపోయినవారి పేరు ఆ నియమంతోనే లెక్కలోంచి పోతుంది. ఒక్కసారి డబ్బు కట్టిన జీవిత సభ్యుడికి బకాయి ఉండదు కనుక ఆయన పేరు ఎన్నేళ్లయినా కదలదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో మన బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాన్ని పింగళి వెంకయ్య గారి జెండాతో గుర్తుపెట్టుకున్నాం. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, 20 లక్షల రాట్నాలు, కోటి మంది సభ్యులు కావాలని పిలుపునిచ్చిందీ ఆ సమావేశమే. సభ్యత్వం ఏడాదికి నాలుగణాలు. చందాతో పాటు ఆశయాన్ని అంగీకరిస్తున్నట్టు రాసివ్వాలి. ఆ నాలుగణాల కోసం ఏడాదికోసారైనా ఎవరో ఒకరు సభ్యుడి గుమ్మం తొక్కాలి. ఆ పద్ధతిలో నాకు నచ్చింది అదే. మీ సొసైటీ జీవిత సభ్యుల నుంచి మళ్లీ డబ్బు తీసుకోనక్కర్లేదు, ఏడాదికోసారి ‘ఉన్నాను’ అని ఒక సంతకం తీసుకుంటే చాలు.

ఇక పదవీకాలం సవరణ. సొసైటీ ఢిల్లీలో 1860 చట్టం కింద నమోదై ఉంటే, గుంటూరులో శాఖ ఉన్నా మన 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం దానికి వర్తించదు. ఇక్కడ నమోదైన సంఘాల్లో తగవు వస్తే 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. ఆ దారి మీకు ఉందో లేదో రిజిస్ట్రేషన్ నంబరు చూస్తే తెలుస్తుంది. 1860 చట్టం 12వ సెక్షన్ ఆశయాలను మార్చడానికి గట్టి షరతులు పెట్టింది: 10 రోజుల ముందు ప్రతిపాదన సభ్యులందరికీ రాతపూర్వకంగా అందాలి, ఐదింట మూడొంతుల ఓట్లు రావాలి, నెల తర్వాత రెండో సమావేశం అంతే మెజారిటీతో ఖాయం చేయాలి. పదవీకాలం ఆశయం కాదు కనుక ఈ రక్షణ దానికి లేదు. మీ నియమావళిలో సవరణల అధ్యాయం ఏం చెబితే అదే. అందుకే దాన్ని తెప్పించుకుని చదవండి.

కార్యదర్శికి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాయండి, రసీదు దాచుకోండి. పాత నియమం, కొత్త నియమం పక్కపక్కన పెట్టిన పత్రం కావాలనండి. పెంచిన పదవీకాలం ఇప్పుడున్న కార్యవర్గానికే వర్తిస్తుందా, వచ్చే ఎన్నికల నుంచా అన్నది సూటిగా అడగండి; అసలు ప్రశ్న ఇదే. ప్రాక్సీ (మీ బదులు మరొకరు ఓటు వేయడం) గానీ పోస్టల్ ఓటు గానీ ఉందా అని అడిగి, లేకపోతే మీ అభ్యంతరాన్ని సమావేశంలో చదివి మినిట్స్‌లో చేర్చమని కోరండి. జవాబు రాకపోతే రిజిస్ట్రారు దగ్గర దాఖలైన పత్రాలు చూసే హక్కు 1860 చట్టం 19వ సెక్షన్ ఎవరికైనా ఇచ్చింది. మూల చట్టంలో రాసిన రుసుము ఒక్క రూపాయి.

ఇంకొక్కటి. మీ సహోద్యోగి కుటుంబానికి చెప్పి, వాళ్ల సమ్మతితోనే ఆయన పేరు తీసేయమని రాయండి. చాలా ఇళ్లలో ఆ పత్రిక రావడం ఆగకూడదని కోరుకుంటారు. పేరు ఓటర్ల జాబితాలోంచి పోయినా పత్రిక ఇంటికి రావచ్చు, ఆ మాట కూడా ఉత్తరంలో చేర్చండి.

ప్రశ్న: మా జాతీయ సంఘం విజయవాడ శాఖలో సభ్యుల వార్తలు రాసే బాధ్యత నాకిచ్చారు. అందరూ శాలువా ఫొటోలే పంపుతున్నారు. ఇంకేం రాయాలి మేడమ్?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సన్మానాలు వేయమ్మా, తప్పులేదు. వాటి పక్కన ఈ మూడు నెలల్లో ఎవరు చేరారు, ఎవరు ఊరు మారారు, ఎవరు దూరమయ్యారు, ఆసుపత్రి నుంచి వచ్చి ఇంటి పట్టున ఉన్నవారిని ఎవరు పలకరించారు అన్నదీ రాయి. అచ్చుకు పంపే ముందు ఆ కాగితం కార్యదర్శికిచ్చి, మార్పులు రిజిస్టరులో ఎక్కించినట్టు సంతకం తీసుకో. జబ్బు వివరాలు మాత్రం వాళ్లు ఒప్పుకుంటేనే రాయాలి. ఫోను నంబర్లు, పుట్టిన తేదీలు, ఇంటి చిరునామాలు అచ్చు వేయవద్దు. పుట్టినరోజు శుభాకాంక్షల పేజీ కావాలని పెద్దలు పట్టుబడితే నెల, తేదీ వరకే వేయి, సంవత్సరం వద్దు.